జనాభా రాజకీయాలు: ఎక్కువైంది ఎవరు, తగ్గింది ఎవరు?

జనాభా రాజకీయాల మీద యూనివర్సిటీల్లో కోర్సులు ఉంటాయంటే చాలామందికి వెంటనే గుర్తొచ్చేవి పట్టికలు, గ్రాఫులు, జననాల రేటు, మరణాల రేటు. ఆ పట్టికల సబ్జెక్టు వేరే ఉంది. దాన్ని జనాభా శాస్త్రం అంటారు, డెమోగ్రఫీ. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పుడుతున్నారు, ఎన్నేళ్లు బతుకుతున్నారు, ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతున్నారు అని అది లెక్క తీస్తుంది. ఆ లెక్క ముగిసిన చోట జనాభా రాజకీయాల క్లాసు మొదలవుతుంది. జనం ఎక్కువైపోయారని అన్నది ఎవరు? ఎవరి గురించి అన్నారు? తగ్గించాలనో పెంచాలనో నిర్ణయించాక అది ఎవరి ఒంటిమీద అమలైంది? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని రెండొందల ఏళ్ల చరిత్ర తిరగేయడమే ఈ కోర్సుల పని.

దీనికంటూ సొంత డిపార్ట్‌మెంట్ దాదాపు ఎక్కడా ఉండదు. ఒకచోట సోషియాలజీ వాళ్లు చెబుతారు, ఇంకోచోట పొలిటికల్ సైన్స్ వాళ్లు, మరోచోట చరిత్ర, పబ్లిక్ హెల్త్, జాగ్రఫీ, జెండర్ స్టడీస్ వాళ్లు. ఎవరు చెబితే వాళ్ల వైపు ఒరుగుతుంది. ఎకనామిక్స్ వాళ్లు చెబితే పనిచేసే వయసువాళ్లు ఎంతమంది, పెన్షన్ల భారం ఎంత అన్న దగ్గర ఎక్కువసేపు ఆగుతారు, పబ్లిక్ హెల్త్ వాళ్లయితే గర్భనిరోధకాలు, ప్రసవ మరణాల దగ్గర, చరిత్ర వాళ్లయితే వలస పాలన, కరువుల దగ్గర. అందుకే ఒకే పేరున్న కోర్సును రెండు చోట్ల చదివిన ఇద్దరు కలిస్తే ఒకరు చదివింది రెండోవాళ్లకు కొత్తగా అనిపిస్తుంది. అయినా మంచి కోర్సు ఏదైనా చివరికి ఒక చోటికే తీసుకొస్తుందని నా నమ్మకం: జనాభా సమస్య అని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాట వెనక దాదాపు ఎప్పుడూ ఫలానా జనమే సమస్య అన్న తీర్పు దాగి ఉంటుంది.

ఇంగ్లండ్ ఆర్థికవేత్త థామస్ మాల్థస్ సంగతే చూడండి. జనాభా రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది, తిండి మాత్రం మెల్లగా పెరుగుతుంది, ఆ రెండింటి మధ్య తేడాను ఆకలీ రోగాలూ సరిచేస్తాయి, కాబట్టి పేదలకు సాయం చేస్తే పేదలే పెరుగుతారని ఆయన 1798లో వాదించాడు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. 1805లో ఆయనకు వచ్చిన ఉద్యోగం గురించి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. ఇంగ్లండ్‌లో ఈస్టిండియా కంపెనీ పెట్టిన కాలేజీలో చరిత్రకూ రాజకీయ అర్థశాస్త్రానికీ ప్రొఫెసర్‌గా చేరాడు, 1834లో చనిపోయేదాకా అక్కడే పాఠాలు చెప్పాడు. ఆయన ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లు చదువైపోగానే ఓడెక్కి భారతదేశానికి వచ్చి జిల్లాలు ఏలేవాళ్లు. అంటే ఈ సబ్జెక్టుకు తొలి క్లాసురూముల్లో ఒకటి, పాలకులు కాబోయేవాళ్లకు పాలితుల సంఖ్య గురించి పాఠం చెప్పిన గది. 1876-78 కరువులో లక్షల మంది చనిపోతున్నప్పుడు కూడా ధాన్యం ఎగుమతి ఆగలేదు, జనం తిండి కంటే వేగంగా పెరుగుతున్నారన్న వాదన వైస్రాయ్ లిట్టన్ స్థాయిలో కూడా వినిపించింది. కరువుకు కారణం పాలన కాదు, చచ్చేవాళ్ల సంఖ్యే అని తేల్చేస్తే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా. మాల్థస్ రాసేనాటికి ప్రపంచ జనాభా దాదాపు 100 కోట్లు. 2022 నవంబర్‌లో 800 కోట్లు దాటింది. తిండి ఉత్పత్తి అంతకంటే ఎక్కువే పెరిగింది, అయినా ఆయన తర్కం చావలేదు.

దాని తర్వాత వచ్చింది ఇంకా ఘోరం. ఎంతమంది అన్న ప్రశ్న పక్కకు ఎలాంటివాళ్లు అన్న ప్రశ్న వచ్చి చేరింది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో దీనికి యూజెనిక్స్ అని పేరు పెట్టాడు, మంచి రక్తం వాళ్లు ఎక్కువ కనాలి, మిగతావాళ్లు తక్కువ కనాలి అని దాని సారాంశం. పనికిమాలిన మూఢనమ్మకంగా అప్పట్లో దాన్ని ఎవరూ చూడలేదు, యూనివర్సిటీల్లో దానికి ప్రొఫెసర్ పదవులు ఉండేవి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ తన లెక్చర్ హాలుకున్న గాల్టన్ పేరు తీసేసింది 2020లో.

క్లాసుల్లో దీన్ని వివరించడానికి ఎక్కువగా వాడే కేసు కారీ బక్‌ది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. పెంపుడు ఇంట్లో పెరిగిన అమ్మాయి, ఆ ఇంటి బంధువు చేసిన అత్యాచారం వల్ల 17 ఏళ్లకు గర్భవతి అయింది. ఆ కుటుంబం పరువు కోసం ఆమెకు బుద్ధిమాంద్యం ఉందని చెప్పి 1924లో ప్రభుత్వ సంస్థకు అప్పగించింది, ఆమె తల్లి అప్పటికే అక్కడ ఉంది. ఇలాంటివాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చని రాష్ట్రం అప్పుడే చట్టం తెచ్చింది, అది కోర్టులో నిలుస్తుందో లేదో చూసే మొదటి కేసుకు కారీనే ఎంచుకుంది. ఆమె తరఫున వాదించాల్సిన లాయర్ ఆ సంస్థ పాలకమండలిలో గతంలో పనిచేసినవాడే. కారీ కూతురు వివియన్‌కు అప్పటికి ఏడాది కూడా నిండలేదు, చూపు ఏదో తేడాగా ఉందని ఒక సామాజిక కార్యకర్త సాక్ష్యం చెప్పింది. అంతే, మూడు తరాల బుద్ధిమాంద్యం రుజువైపోయింది. 1927లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చింది. ఆ వివియనే తర్వాత బడిలో మంచి మార్కులతో గౌరవ జాబితాలో చేరింది, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. ఇలాంటి చట్టాల కింద అమెరికాలో 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. జర్మనీ 1933లో చట్టం చేసి సుమారు 4 లక్షల మందికి చేసింది. నాజీలు కాబట్టి చేశారులే అనుకోవడానికి లేదు, సంక్షేమ రాజ్యంగా పేరున్న స్వీడన్ కూడా 1934లో మొదలుపెట్టి 1970ల మధ్యదాకా దాదాపు 60 వేల మందికి చేసింది. ఈ కేసు చదివాక లెక్కను లెక్కగా మాత్రమే చూడటం ఎవరికైనా కష్టమే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూజెనిక్స్ అనడానికి నోరు రాలేదు గానీ మనుషులూ సంస్థలూ చాలావరకు అలాగే కొనసాగారు. 1952లో న్యూయార్క్‌లో పాపులేషన్ కౌన్సిల్ పుట్టింది, దాన్ని మొదట్లో నడిపినవాళ్లలో ఫ్రెడరిక్ ఆస్బర్న్ అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ నాయకుడు. యూనివర్సిటీల్లో డెమోగ్రఫీ పెరిగింది కూడా ఈ కాలంలోనే, ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ముంబైలో 1956లో, చిలీ రాజధాని సాంటియాగోలో 1957లో, కైరోలో 1963లో శిక్షణ కేంద్రాలు వచ్చాయి. వాటిలో గొప్ప పని జరిగింది, నేను కాదనను, ఈరోజు మనం నమ్మే సర్వేలు చాలా వాటికి పునాది అక్కడే పడింది. కానీ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ ప్రశ్నలకు వచ్చింది అన్నది కూడా పాఠంలో భాగమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి రెండు సాంకేతిక విషయాలు చెప్పుకోవాలి, ఎందుకంటే ఇవి తెలియకపోతే ఏ నాయకుడు ఏం చెప్పినా నమ్మేస్తాం. మొదటిది సంతాన సాఫల్య రేటు, ఒక మహిళ జీవితకాలంలో సగటున ఎంతమందిని కంటుందన్న అంచనా. 2.1 ఉంటే జనాభా నిలకడగా ఉంటుందంటారు. రెండు అంటే తల్లిదండ్రుల స్థానంలో ఇద్దరు. ఆ పై 0.1 ఎందుకంటే పుట్టేవాళ్లలో అబ్బాయిలు కాస్త ఎక్కువ, ప్రతి 100 మంది అమ్మాయిలకు సుమారు 105 మంది, పైగా కొందరు అమ్మాయిలు పెద్దయ్యేలోపే చనిపోతారు. శిశుమరణాలు ఎక్కువ ఉన్నచోట 2.1 సరిపోదు, ఇంకా ఎక్కువ కావాలి. రెండోది, రేటు పడిపోయిన రోజునే జనాభా పెరగడం ఆగదు. ఇరవై ఏళ్ల కింద పుట్టిన పెద్ద తరం ఇప్పుడు పెళ్లీడుకొచ్చి ఒక్కొక్కరూ ఇద్దరినే కన్నా, చనిపోయే ముసలివాళ్ల కంటే పుట్టేవాళ్లు ఎక్కువే ఉంటారు. వేగంగా పోతున్న బండికి బ్రేకు వేస్తే కొంత దూరం పోయాకే ఆగినట్టు. ఈ రెండు విషయాలు తెలిసినవాళ్లకు, జనాభా ఇంకా పెరుగుతోంది కాబట్టి ఫలానావాళ్లు ఎక్కువ కంటున్నారన్నమాట అనే ప్రచారంలో మోసం ఎక్కడుందో వెంటనే కనిపిస్తుంది.

ఈ వెలుగులో చైనాను చూస్తే కథ మారిపోతుంది. ఒకే బిడ్డ విధానం వల్లే అక్కడ జననాలు తగ్గాయని లోకమంతా అనుకుంటుంది. 1970లో అక్కడి రేటు ఆరుకు దగ్గర్లో ఉండేది, ఆ దశాబ్దం చివరికి మూడు కంటే కిందికి దిగింది. అంటే పెద్ద తగ్గుదల ఒకే బిడ్డ విధానం రాకముందే జరిగిపోయింది. అప్పుడు నడిచింది ఆలస్యంగా పెళ్లి, కాన్పుల మధ్య ఎడం, తక్కువ మంది పిల్లలు అన్న ప్రచారం, అందులోనూ ఒత్తిడి లేకపోలేదు. మరి 1980లో ఒకే బిడ్డ ఎందుకు? అప్పటికి చైనాలో సామాజిక శాస్త్రాలను కొన్నేళ్లుగా అణచిపెట్టారు, జనాభా గురించి గట్టిగా మాట్లాడగలిగినవాళ్లలో ముందున్నది సాంగ్ జియాన్ అనే క్షిపణి శాస్త్రవేత్త. క్షిపణి దారి లెక్కగట్టే గణితంతో వందేళ్ల జనాభా లెక్కగట్టి, ఒక్కొక్కరూ ముగ్గురిని కంటే 2080 నాటికి 400 కోట్లు దాటుతారని చూపించాడు. కంప్యూటర్ లెక్క, ఎదురు చెప్పేవాళ్లు లేరు. పల్లెల్లో ఆడవాళ్లు ఏమంటారు, ముసలితనంలో ఎవరు చూస్తారు, ఒక్కరే అయితే ఆడపిల్ల గతేంటి అన్నవి ఆ సమీకరణంలో లేవు. 1983 ఒక్క ఏడాదే 2 కోట్లకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. 2004 నాటికి ప్రతి 100 మంది ఆడపిల్లలకు 121 మంది మగపిల్లలు పుడుతున్నారు. 2016 నుంచి ఇద్దరికి అనుమతి, 2021లో ముగ్గురికి, 2022 నుంచి జనాభా తగ్గుతోంది. రెండో బిడ్డను కన్నందుకు తల్లి జరిమానా కట్టిన ఇంట్లోనే ఇప్పుడు కూతుర్ని ముగ్గురిని కనమంటున్నారు.

రొమేనియాది దీనికి సరిగ్గా తిరగేసిన కథ, నా దృష్టిలో ఈ మొత్తం సబ్జెక్టులో తప్పకుండా చదవాల్సింది ఇదే. 1966లో కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ ప్రభుత్వం 770వ నంబరు ఉత్తర్వుతో గర్భస్రావాలను నిషేధించింది, 45 దాటినవాళ్లకూ నలుగురు పిల్లలున్నవాళ్లకూ లాంటి కొద్దిమందికే మినహాయింపు. గర్భనిరోధకాలు దొరక్కుండా పోయాయి. మరుసటి ఏడాదే సంతాన సాఫల్య రేటు 1.9 నుంచి 3.7కు ఎగిరింది. పాలకులు సంబరపడి ఉంటారు, కానీ కొన్నేళ్లలోనే అది మళ్లీ కిందికి జారింది, ఎందుకంటే ఆడవాళ్లు దొంగచాటు దారులు వెతుక్కున్నారు. ప్రభుత్వం ఇంకా బిగించింది. పిల్లలు లేని పాతికేళ్లు దాటినవాళ్లకు పన్ను వేసింది, 1980ల్లో పనిచేసే చోట్లకే డాక్టర్లను పంపి ఆడవాళ్లను పరీక్షలు చేయించింది. అక్రమ గర్భస్రావాల్లో చనిపోయిన మహిళలు దాదాపు 10 వేల మంది అని అంచనా, అనాథాశ్రమాలు లక్ష మందికి పైగా పిల్లలతో నిండిపోయాయి. 1989 డిసెంబర్ 25న చౌషెస్కూను కాల్చి చంపారు, 26నే ఆ ఉత్తర్వును రద్దు చేశారు. కొత్త ప్రభుత్వం చేతిలో సవాలక్ష పనులున్న రోజది, అయినా మొదట చేసిన పనుల్లో ఇదొకటి. ప్రసవ మరణాలు ఒక్క ఏడాదిలో సగానికి పడిపోయాయి. కొత్త ఆసుపత్రులు కట్టలేదు, కొత్త మందులు రాలేదు, ఒక కాగితం రద్దయింది, అంతే.

చైనా తగ్గించమంది, రొమేనియా పెంచమంది. రెండు చోట్లా ఒకరి నెలసరిని ఇంకొకరు లెక్కపెట్టారు. ఇరాన్ అయితే ఒక్క జీవితకాలంలోనే రెండు వైపులా తిరిగింది. విప్లవం తర్వాత ఎక్కువమందిని కనమన్నారు, 1989లో ఉచిత గర్భనిరోధకాలు, పెళ్లికి ముందు తప్పనిసరి క్లాసులు పెట్టారు, ఆరుకు పైనున్న రేటు రెండు దగ్గరికి పడిపోయింది, అమ్మాయిల చదువు కూడా దానికి తోడైంది. 2021లో మళ్లీ గర్భనిరోధకాల మీద ఆంక్షలు పెట్టే చట్టం వచ్చింది.

భారతదేశ అనుభవం మీద ఈ కోర్సుల్లో ఒక వారం తప్పనిసరిగా ఉంటుంది. 1974లో బుఖారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా సదస్సులో భారత ప్రతినిధిగా వెళ్లిన మంత్రి కరణ్ సింగ్, అభివృద్ధే అన్నిటికంటే మంచి గర్భనిరోధకం అన్నారు. పేద దేశాల తరఫున గట్టి మాట అది. రెండేళ్లు తిరక్కుండానే, ఎమర్జెన్సీలో, చదువూ అభివృద్ధీ వచ్చి జననాలు తగ్గేదాకా ఆగలేమన్న విధానాన్ని ప్రకటించింది కూడా ఆయనే. 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ మగవాళ్లకు. టీచర్లకూ గుమాస్తాలకూ కోటాలు పెట్టారు, కోటా నిండకపోతే జీతం ఆగేది. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత జరిగింది నన్ను ఎక్కువ బాధపెడుతుంది: ఆపరేషన్లు ఆగలేదు, మగవాళ్ల నుంచి ఆడవాళ్ల మీదికి మళ్లాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన మహిళల్లో దాదాపు 38 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడ్డ జంటలు 0.3 శాతం. మగవాళ్లది చిన్న ఆపరేషన్, ప్రమాదం తక్కువ. అయినా లెక్క ఆడవాళ్ల వైపు తిరగడానికి కారణం వైద్యం కాదు, ఓటు. 1994లో కైరో సదస్సులో 179 దేశాలు టార్గెట్లను వదిలి మహిళల హక్కులు, ఆరోగ్యం ఆధారంగా పోదామని ఒప్పుకున్నాయి. అదే ఏడాది అమెరికాలో నల్లజాతి మహిళలు ఇంకో మాట ముందుకు తెచ్చారు. పిల్లలు వద్దనుకునే హక్కుతో పాటు, కావాలనుకుంటే కనే హక్కూ, కన్నవాళ్లను భద్రంగా పెంచుకునే హక్కూ కావాలన్నారు. ఒకరిని కనొద్దనీ ఇంకొకరిని కనమనీ నెట్టే ప్రభుత్వాలను ఒకే కొలతతో అడగడానికి ఇంతకంటే మంచి ప్రమాణం నాకు కనిపించలేదు.

కనడం ఒక ఎత్తు, లెక్కించడం ఇంకో ఎత్తు. లెబనాన్‌లో చివరి అధికారిక జనగణన 1932లో జరిగింది. ఆ లెక్కను బట్టే పార్లమెంటు సీట్లను క్రైస్తవులకు ఆరు, ముస్లింలకు ఐదు చొప్పున పంచారు, అధ్యక్షుడు ఫలానా వర్గం, ప్రధాని ఫలానా వర్గం అని నోటిమాటగా ఒప్పుకున్నారు. 1989 ఒప్పందంలో సీట్లు సగం సగం అయ్యాయి గానీ మళ్లీ జనగణన జరగలేదు. కొత్త లెక్క వస్తే పాత ఒప్పందం పోతుందని అందరికీ భయం. ర్వాండాలో బెల్జియం పాలకులు 1930ల్లో గుర్తింపు కార్డుల మీద హుటు, టుట్సీ అని జాతి పేరు రాయించారు, 1994 నరమేధంలో రోడ్ల మీద ఆపి ఆ కార్డు చూసి టుట్సీలను చంపారు. భారతదేశంలో లోక్‌సభ సీట్ల పంపకాన్ని 42వ సవరణ 1971 జనాభా దగ్గర ఆపేసింది, జననాలు తగ్గించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్నది ఉద్దేశం, 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రం ఒకవైపు, విధానం పాటించినందుకు శిక్షా అన్న ప్రశ్న రెండోవైపు, రెండింట్లోనూ న్యాయం ఉంది, క్లాసులో దీనిమీద చర్చ పెడితే గంట సరిపోదు.

వాతావరణం గురించి ఒక మాట. జనాభా పెరగడం వల్లే భూమి వేడెక్కుతోందని తేలిగ్గా అనేస్తారు. నైజర్‌లో ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు, అక్కడ ఒక మనిషి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ టన్నులో పదో వంతు. అమెరికాలో రేటు రెండు కంటే తక్కువ, మనిషికి దాదాపు 14 టన్నులు. ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సంఖ్య చుట్టూ అల్లే భయం. వలస వచ్చినవాళ్లు ఎక్కువ కంటారు, మనం మైనారిటీ అయిపోతాం అన్న మాట ప్రపంచంలో ఏ భాషలోనైనా వినిపిస్తుంది. ఐరోపాలో దానికి 2011లో ‘గ్రేట్ రీప్లేస్‌మెంట్’ అని ఒక సిద్ధాంతం పేరు తగిలించారు, 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు అదే పేరు తన ప్రకటనకు పెట్టుకున్నాడు. నిజానికి వలస వచ్చినవాళ్ల సంతాన రేటు ఒకటి రెండు తరాల్లో స్థానికుల రేటుకు దగ్గరవుతుందని దేశం తర్వాత దేశంలో కనిపించింది. ఈ ఒక్క విషయం బడి స్థాయిలోనే చెబితే బాగుండు.

ఇప్పుడు గాలి తిరిగింది. దక్షిణ కొరియా రేటు 2023లో 0.72, ఒకప్పుడు ఇద్దరు చాలని ప్రచారం చేసిన దేశమది. 2080ల మధ్యలో ప్రపంచ జనాభా 1,030 కోట్ల దగ్గర గరిష్ఠానికి చేరి మెల్లగా తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. జనాభా బాంబు అని భయపెట్టిన చోటే జనాభా పతనం అని భయపెడుతున్నారు. ఈ భయానికి కారణం లేకపోలేదు, ముసలివాళ్లను చూసుకునే మనుషులు తగ్గడం నిజమైన కష్టమే. కానీ హంగరీ 2019లో నలుగురు పిల్లల తల్లులకు జీవితాంతం ఆదాయపు పన్ను మాఫీ అని ప్రకటించినప్పుడు, వలస వచ్చేవాళ్లకు అదే ప్రభుత్వం తలుపులు మూసినప్పుడు, లోటు మనుషులదా, ఫలానా మనుషులదా అని అడగాల్సిందే.

ఇలాంటి కోర్సులో చేరాలనుకుంటే సిలబస్ తెరిచి రెండు విషయాలు చూడండి. మొదటిది, లెక్కలు నేర్పుతున్నారా లేదా. సిద్ధాంతాలే ఉండి వయసుల పిరమిడ్ (ఏ వయసువాళ్లు ఎంతమంది ఉన్నారో చూపే బొమ్మ) చదవడం, రేటు ఎలా కడతారో నేర్పకపోతే బయటికొచ్చాక ఆవేశం మిగులుతుంది గానీ ఎవరితోనూ వాదించలేం. రెండోది, తగ్గించిన దేశాలతో పాటు పెంచిన దేశాల గురించి కూడా ఉందా. చైనా, ఇండియా ఉండి రొమేనియా, హంగరీ లేకపోతే బలవంతం పేద దేశాల జబ్బు అనే అభిప్రాయంతో బయటికొస్తారు. ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో దాదాపు అన్ని సిలబస్‌లలో ఉంటాడు, 1970ల్లో పారిస్‌లో చెప్పిన పాఠాల్లో ఆయన వాదన ఏమిటంటే పాతకాలపు రాజు ప్రాణం తీసే అధికారంతో ఏలేవాడు, ఆధునిక రాజ్యం పుట్టుక, ఆరోగ్యం, ఆయుష్షు నిర్వహిస్తూ ఏలుతుంది. మొదటి వారంలోనే దాన్ని చదవమంటే కంగారు పడకండి, కారీ బక్ కేసూ రొమేనియా ఉత్తర్వూ చదివాక మళ్లీ దాని దగ్గరికి వస్తే చాలా తేలిగ్గా అర్థమవుతుంది.